కథ పెరుగుతోంది... వాక్యం తరుగుతోంది!

బెజ్జంకి: బెజ్జంకి పేరు చెప్పగానే లక్ష్మీనరసింహస్వామి గుట్ట, జాతర గుర్తుకొస్తాయి. ఈ సీమలో కథ చెప్పడం కొత్త విద్య కాదు. ఒగ్గు డోలు మోగిందంటే మల్లన్న కథ తెల్లవార్లూ సాగుతుంది. కథకుడు సందర్భాన్ని బట్టి నాలుగు మాటలు కలుపుతాడు, నవ్విస్తాడు, పిట్టకథ చెబుతాడు. అది ఆ కళకు అందం. అదే పద్ధతి ఆదివారపు బడిలోకి, వేసవి సెలవుల బైబిలు తరగతుల్లోకి వస్తేనే చిక్కు. టీచరు మాట వేరు, గ్రంథం మాట వేరు. పిల్లవాడికి మాత్రం రెండూ ఒకే గొంతులో వినిపిస్తాయి.

క్రిస్మస్ నాటకంలో జ్ఞానులు ఎందరని అడిగితే పిల్లలంతా ముగ్గురనే అంటారు. మత్తయి రెండో అధ్యాయంలో ఆ లెక్క ఎక్కడా లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు ఉన్నాయంతే. యోనాను మింగింది తిమింగలమని చెప్పేస్తారు. యోనా గ్రంథంలో ఉన్నది పెద్ద చేప. ఇవి చిన్న పొరపాట్లే, వీటివల్ల కొంప మునిగేదేమీ లేదు.

అసలు నష్టం తప్పిపోయిన కుమారుని కథలో కనిపిస్తుంది. ఆస్తి పంచుకుపోయిన చిన్నకొడుకు పందులు మేపాడు, బుద్ధి తెచ్చుకుని ఇంటికొచ్చాడు, తండ్రి కౌగిలించుకున్నాడు. రంగుల పటం అక్కడితో అయిపోతుంది. పెద్దల మాట వినాలన్న నీతితో పాఠమూ ముగుస్తుంది. లూకా 15వ అధ్యాయం మాత్రం వేరేచోట మొదలవుతుంది. సుంకరులతో, పాపులతో కలిసి భోజనం చేస్తున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు యేసును చూసి సణిగారు. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, ఈ కొడుకు... మూడు కథలూ ఆ సణుగుడుకు జవాబులే. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలన్న గొడవ తెలంగాణ పల్లెలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇక్కడి సంఘాల్లో చాలామంది తాత ముత్తాతలు మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవారే. మొదటి రెండు వచనాలు వదిలేస్తే ఆ పిల్లలకు దక్కవలసిన మాటే జారిపోతుంది.

ఒకప్పుడు టీచరు చెప్పిందే వేదం కావడానికి కారణం ఉంది. వినేవారికి అక్షరం రాదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లోనే శ్రీరాంపూరులో తెలుగులో అచ్చయినా, పల్లెల్లో చదవగలిగినవారు ఎందరని! 1912లో దోర్నకల్ బిషప్పైన వి.ఎస్. అజరయ్య చదువురాని సంఘాల కోసం కంఠస్థం మీద, పాటల మీద ఆధారపడ్డారు. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చిలో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం రంగుటద్దాల మీదే కనిపిస్తాయి. బెజ్జంకి మండలం 2016లో కరీంనగర్ నుంచి సిద్దిపేట జిల్లాకు మారింది. మారక ముందూ తర్వాతా ఇక్కడి పిల్లలు బడికి పోతూనే ఉన్నారు, ఫోనులోనే బైబిలు తెరుస్తున్నారు. పాత సాకు ఇక చెల్లదు.

1780లో ఇంగ్లండులోని గ్లాస్టరులో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడి పెట్టింది కూడా కథలు చెప్పడానికి కాదు. వారమంతా పనిచేసే పేదపిల్లలకు చదవడం నేర్పడానికే. వారి వాచకం బైబిలు.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. పటం విప్పకముందే అధ్యాయం తెరిపించి పిల్లలచేతనే చదివించాలి. ఒక్క బంగారు వాక్యం కంఠతా పట్టిస్తే సరిపోదు, దాని ముందూ వెనకా ఏముందో చూపాలి. టీచరు సొంతంగా ఏదైనా కలిపితే ఇది నా ఊహ అని చెప్పేయాలి. జక్కయ్య ఎక్కిన మేడిచెట్టును ఊరి పొలిమేరలో చూపిస్తే తప్పు లేదు. అది గ్రంథంలో ఉన్న మాటే మరి.

పెద్దకొడుకు చివరికి ఇంట్లోకి వెళ్లాడా అని పిల్లలు అడుగుతారు. అందరూ కలిసి భోంచేశారని చెప్పేయాలని టీచరుకు నోరూరుతుంది. లూకా ఆ సంగతి రాయలేదు. తండ్రి బయటికొచ్చి బతిమాలుతున్న చోటే కథ ఆగిపోయింది.