పరరాష్ట్ర వ్యాపారంలో వాటా – ఆదాయపు పన్ను

సిరిసిల్ల నుండి భివండీకి, షోలాపూర్‌కు, ముంబాయికి మగ్గం పని నిమిత్తం వెళ్ళిన కుటుంబాలు మన ప్రాంతంలో అనేకం. వారిలో కొందరు కూలీలుగా ప్రారంభించి సాంచాల కార్ఖానాలలో భాగస్వాములైనారు. వృద్ధాప్యంలో స్వగ్రామం చేరినను వాటా అక్కడనే నిలిచియుండును. లాభం మహారాష్ట్రలో పుట్టినది, మనిషి తెలంగాణలో ఉన్నాడు. మరి లెక్క ఎక్కడ చూపవలెను? భాషాబోధకులమైన మాకు ఈ విచారణతో పని ఏమని కొందరు అనుకొనవచ్చును. కాని ఇంటి పన్ను కాగితాలు చదివిపెట్టుమని విద్యార్థులు మా వద్దకే తెచ్చుచున్నారు.

అమెరికాలో అనేక రాష్ట్రాలకు స్వంత ఆదాయపు పన్ను కలదు. న్యూజెర్సీలో నివసించే తెలుగువారికి కాలిఫోర్నియా వ్యాపారంలో వాటా ఉన్నచో, ప్రవాసిగా కాలిఫోర్నియాకు వేరొక పత్రం సమర్పించవలసియుండును. మన దేశంలో ఆ చిక్కు లేదు. వ్యవసాయాదాయం తప్ప తక్కిన ఆదాయంపై పన్ను కేంద్రానిది. కనుక భివండీ ఆదాయానికైనను, కోరుట్ల ఆదాయానికైనను పత్రం ఒక్కటే. పూర్వం ఇట్లు లేదు. హైదరాబాదు సంస్థానానికి 1357 ఫసలీ నాటి స్వంత ఆదాయపు పన్ను చట్టం ఉండెను. భారత ఆదాయపు పన్ను చట్టం ఇచ్చటికి వర్తించినది 1950 ఏప్రిల్ 1 నుండి. అంతవరకు మన పెద్దలకు షోలాపూర్ వాటా నిజముగా పరరాష్ట్ర ఆదాయమే.

ఇక నేటి పద్ధతి. భాగస్వామ్య సంస్థ తన లాభంపై తానే 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు చెల్లించును. అందుచేత భాగస్వామికి వచ్చు లాభపు వాటాపై మరల పన్ను లేదు. కాని మూలధనంపై వడ్డీ, పనిచేసినందుకు ప్రతిఫలం భాగస్వామి చేతిలో పన్నుకు లోబడును. ఒప్పందపత్రంలో వ్రాసియున్ననే సంస్థ వీటిని ఖర్చుగా చూపగలదు. వడ్డీ 12 శాతం మించరాదు. ప్రతిఫలం పనిచేయు భాగస్వాములకే. సిరిసిల్లలో విశ్రాంతి తీసుకొను వృద్ధునికి ప్రతిఫలం చూపుట చెల్లదు.

2025 ఏప్రిల్ 1 నుండి ఒక మార్పు వచ్చినది. ఒక భాగస్వామికి ఇచ్చు వడ్డీ, ప్రతిఫలం కలిసి సంవత్సరానికి 20,000 రూపాయలు మించినచో సంస్థ 10 శాతం ముందే మినహాయించవలెను. పది లక్షల మూలధనంపై 12 శాతం వడ్డీ 1,20,000. అందులో 12,000 కోత పడును. ఇతర ఆదాయం స్వల్పమైన వృద్ధుడు అసలు పన్నే చెల్లించనక్కరలేదు. కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయం గల నివాసికి రాయితీ కలదు. అయినను పత్రం వేయనిదే ఆ 12,000 తిరిగి రాదు. ఉద్యోగులు వాడు సహజ్ పత్రం ఇచ్చట పనికిరాదు, భాగస్వామి ఐ.టి.ఆర్.–3 నింపవలెను. జగిత్యాల సంస్థలో వాటా ఉంచి గల్ఫ్‌లో ప్రవాసిగా ఉన్నవారికి ఆ రాయితీ వర్తించదని కూడ గమనించవలెను.

మన సమాజంలో మూలధనంపై వడ్డీని ధర్మవిరుద్ధమని వదలుకొనువారు కలరు. అప్పుడు ఆ 1,20,000 లాభంలో కలిసి, సంస్థపై సెస్సుతో 37,440 రూపాయల పన్ను పడును. వడ్డీగా పుచ్చుకొన్న ఆ వృద్ధునికి పడనిది ఇది. ఈ భారం తెలిసియే ఒప్పందం వ్రాసుకొనుట మేలని మా అభిప్రాయం. పనిచేయు భాగస్వామికి మాత్రం వడ్డీకి బదులు పరిమితికి లోబడి ప్రతిఫలం వ్రాసుకొను మార్గం కలదు.

రాష్ట్రానికి చెందినది వృత్తి పన్ను. మహారాష్ట్ర 1975 నాటి చట్టం సంస్థలోని ఒక్కొక్క భాగస్వామిని విడిగా పేర్కొన్నది. రాజ్యాంగం ప్రకారం ఇది ఏడాదికి 2,500 రూపాయలు మించరాదు.

మా విద్యార్థులు తెచ్చిన కాగితాలలో తరచుగా కనిపించు లోపం ఒప్పందపత్రమే లేకపోవుట. నోటిమాటపై నడచిన వ్యాపారాలు తండ్రి మరణానంతరం కొడుకులకు చిక్కులు తెచ్చుచున్నవి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ నమోదు కానిచో, ఒప్పందపు హక్కు కొరకు భాగస్వామి సంస్థపై దావా వేయజాలడు. సంస్థను రద్దుచేసి లెక్క కోరుట మాత్రమే మిగులును. బఖరా అధ్యాయం 282వ ఆయత్ అప్పు లావాదేవీలను సాక్షుల సమక్షంలో వ్రాసుకొనుమని ఆదేశించినది గదా! నమోదైన పత్రపు నకలు, ఏటేటా సంస్థ ఇచ్చు కోత ధ్రువపత్రం, పాన్ సంఖ్య వేసిన ఖాతా వివరాలు – ఈ మూడును సిరిసిల్ల ఇంటిలోనే ఉన్నచో, పత్రం నింపుటకు భివండీ ప్రయాణం అక్కరలేదు.