నొప్పుల గదిలో నిజాయితీ

గోదావరికి ఇటు కరీంనగర్, అటు ఆసిఫాబాద్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కరీంనగర్ జిల్లాలో నూటికి 82 కాన్పులు పెద్దాపరేషన్‌తోనే అయ్యాయి. పాత ఆదిలాబాద్‌లోంచి విడివడ్డ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఆ లెక్క నూటికి 30 కూడా లేదు. తెలంగాణ మొత్తానికి అది 60.7 శాతం, దేశానికి 21.5 శాతం. నది దాటినంత మాత్రాన ఆడవాళ్ల ఒళ్లు మారిపోదు. మారేది వాళ్లు చేరిన ఆసుపత్రి, అక్కడ నిర్ణయం తీసుకునే మనిషి, ఆ మనిషి చుట్టూ ఉన్న ఏర్పాటు. ఆసిఫాబాద్ లెక్క చూసి సంబరపడటానికీ లేదు. వానాకాలంలో వాగు దాటలేని గూడేలున్న ఆ జిల్లాలో అత్యవసరమైన ఆపరేషన్ వేళకు అందకపోవడమే పెద్ద భయం. రెండు జిల్లాల్లోనూ కోత అవసరాన్ని బట్టి జరగడం లేదన్నదే ఈ లెక్కలు చెబుతున్న మాట.

ఎంతమందికి ఆపరేషన్ అవసరమవుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో 10 నుంచి 15 శాతం అంది. 2015లో మళ్లీ పరిశీలించి, జనాభా మొత్తంగా చూస్తే 10 శాతం దాటాక తల్లుల, శిశువుల మరణాలు అదనంగా తగ్గుతున్న ఆధారం లేదని చెప్పింది. అంకె వెంట పడొద్దని, అవసరమైన ప్రతి స్త్రీకీ ఆపరేషన్ అందేలా చూడాలని కూడా అదే ప్రకటనలో చెప్పింది. కాబట్టి 82 అన్న అంకె ఒక్కటే చూపి ఫలానా డాక్టరు తప్పు చేశాడని ఎవరూ తేల్చలేరు. కానీ ఒక జిల్లాలో ప్రతి అయిదుగురు తల్లుల్లో నలుగురికి కోత పడుతోందంటే దాన్ని వైద్య అవసరంతో మాత్రమే వివరించలేం. పైగా మొదటి కాన్పు కోతతో అయితే రెండోదీ చాలావరకు అలాగే అవుతుంది. మచ్చ ఉన్న గర్భసంచిలో తర్వాతి గర్భానికి మాయ లోతుగా అతుక్కుపోయి ప్రాణాంతకంగా రక్తం పోయే ప్రమాదం ప్రతి ఆపరేషన్‌తోనూ పెరుగుతుంది. ఇరవై ఏళ్ల అమ్మాయి మొదటి కాన్పులో తీసుకున్న నిర్ణయం ఆమె మిగతా కాన్పులన్నింటినీ శాసిస్తుంది.

ఇన్ని కోతలకు జనం చెప్పుకునే కారణం ఒక్కటే, డాక్టర్ల దురాశ. మరి డాక్టర్లకు నియమావళి లేదా అంటే, ఉంది. 2002 ఏప్రిల్‌లో వచ్చిన భారత వైద్య మండలి నీతి నిబంధనలు వృత్తి లక్ష్యం సేవ అని, ఆదాయం దాని తర్వాతేనని చెబుతాయి. డాక్టరు తన డబ్బు ప్రయోజనాన్ని రోగి ప్రయోజనానికి లోబరచాలంటాయి. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడాన్ని, పుచ్చుకోవడాన్ని నిషేధిస్తాయి. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించి అదే నెల 23న నిలిపివేసింది. దాంతో 2002 నాటివే నడుస్తున్నాయి. అంటే ఇరవై ఏళ్లకు పైగా రాతలో లోటు లేదు. ఊరి ఆర్ఎంపీ గర్భిణిని వెంటబెట్టుకొని పట్నంలోని నర్సింగ్‌హోమ్‌కు తీసుకొస్తే ఎంత ముడుతుందన్న మాట పల్లెల్లో రహస్యమేమీ కాదు. అయినా రసీదు లేని ఆ డబ్బును నిరూపించడం కష్టం. పైగా ఆర్ఎంపీ పేరు వైద్య మండలి రిజిస్టరులోనే ఉండదు కనుక ఆ నియమావళి అతన్ని తాకదు.

కమీషన్ కనీసం కంటికి కనిపించే తప్పు. అసలు నిర్ణయం కనిపించదు. "ఉమ్మనీరు తగ్గింది", "పేగు మెడకు చుట్టుకుంది", "బిడ్డ గుండె కొట్టుకోవడం తేడాగా ఉంది". ఈ మాటలు నిజం కావచ్చు, కొన్నిసార్లు నిజంగానే క్షణాల మీద ఆపరేషన్ చేయాల్సిన స్థితి కావచ్చు. పేగు మెడకు చుట్టుకోవడం మాత్రం ఎన్నో మామూలు కాన్పుల్లో కనిపించేదే, దానంతటది కోతకు కారణం కాదు. రాత్రి పదకొండింటికి వరండాలో నిలబడ్డ భర్తకు, అత్తకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు, సమ్మతి చెల్లాలంటే చికిత్స ఏమిటో, అందులో ప్రమాదమేమిటో, వేరే దారి ఉందో లేదో రోగికి ముందు చెప్పాలని తీర్పిచ్చింది. వేరే దారి గురించి చెప్పకుండా, బిడ్డ దక్కదేమోనన్న భయంలో పెట్టించుకున్న సంతకం కాగితం మీద సమ్మతే. ఏ తనిఖీ అధికారి వచ్చినా ఆ ఫైలులో తప్పు దొరకదు. నియమావళి ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. అక్కడి నుంచి ముందుకు నడిపించాల్సింది ఆ డాక్టరు మనస్సాక్షే.

అయితే మనస్సాక్షి లోపాన్నంతా డబ్బు ఖాతాలో వేస్తే లెక్క కుదరదు. అదే సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం కాన్పులు ఆపరేషన్లైతే, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ అవి 44.5 శాతం. దేశంలోని ప్రభుత్వ ఆసుపత్రుల సగటు 14.3 శాతమే. సర్కారు దవాఖానాలో కోత పెట్టినా పెట్టకపోయినా డాక్టరు జీతం ఒకటే. కష్టమైన కేసులు పెద్ద దవాఖానాలకు వస్తాయన్నది నిజమే అయినా, మూడింతల తేడాకు ఆ కారణం చాలదు. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం మొదలైంది. మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు ఇస్తుండటంతో ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే తల్లులు బాగా పెరిగారు. 2015-16లో 30 శాతం దగ్గరున్న ప్రభుత్వ కాన్పులు తర్వాతి సర్వే నాటికి సగానికి చేరువయ్యాయి. అయినా రాష్ట్రంలో ఆపరేషన్ల శాతం తగ్గలేదు, 58 నుంచి 60 దాటింది. లాభం లేని చోట కూడా కత్తి ఆగలేదంటే డబ్బుతో పాటు ఇంకోటి పని చేస్తోంది. నా అవగాహనలో అది సమయం.

మొదటి కాన్పు తొందరపడదు. గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత కొలత అందరికీ వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టం చేసింది. అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్నాక కూడా తొలిచూలు తల్లికి పన్నెండు గంటల దాకా పట్టవచ్చునంది. తల్లీబిడ్డా బాగున్నంతవరకు నెమ్మది ఒక్కటే కోతకు కారణం కాకూడదంది. ఆ గంటలన్నీ ఆమె దగ్గర ఎవరుండాలి? పగలంతా ఓపీ చూసి, సాయంత్రం ఆపరేషన్లు చేసి, ఒంటరిగా నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టరు రాత్రంతా మేలుకోవాలి. ఆపరేషన్ గంటలోపే ముగుస్తుంది, ఫీజూ ఎక్కువే. ఈ వృత్తిలో నిజాయితీ అంటే, తల్లి సురక్షితంగా ఉన్నంతవరకు ఓపిగ్గా కనిపెట్టుకొని ఉండటం. దాన్ని నియమావళి కొలవలేదు, బిల్లులో దానికి ఒక్క పద్దు లేదు. అలా ఏళ్ల తరబడి మేలుకొని కాన్పులు చేసిన డాక్టర్లు మనకున్నారు, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఒక జిల్లా తల్లుల క్షేమాన్ని అలాంటి అసాధారణ వ్యక్తుల మీద వదిలేయడం అన్యాయం. మామూలు మనిషి కూడా నిజాయితీగా ఉండగలిగే ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటుకు తొలి అడుగు పడింది కూడా కరీంనగర్‌లోనే. 2017 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి అక్కడ ముప్ఫైమంది నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. మిడ్‌వైఫ్ నొప్పుల గదిలో తల్లి దగ్గరే ఉంటుంది, నడిపిస్తుంది, ధైర్యం చెబుతుంది, నాడి తప్పుతోందనిపిస్తే డాక్టరును పిలుస్తుంది. పక్కన ఎడతెగకుండా ఒకరు తోడుంటే ఏమవుతుందో 17 దేశాల్లో పదిహేను వేలమందికి పైగా తల్లులతో జరిగిన 26 పరిశోధనలను కలిపి 2017లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. ఆపరేషన్లు తగ్గే అవకాశం ఉందని, తల్లుల తృప్తి పెరుగుతోందని తేల్చింది. మన పల్లెల మంత్రసానులు ఈ తోడును ఎప్పటినుంచో ఇస్తూ వచ్చారు. వాళ్ల చేతుల్లో లేనిది రక్తపోటు చూసే పరికరం, వెనక ఉండాల్సిన ఆసుపత్రి.

డాక్టర్ల వైపు నుంచి బలమైన అభ్యంతరం ఒకటుంది. ఆపరేషన్ చేసినందుకు ఎవరూ కేసు పెట్టరు, ఆలస్యం చేశారని పెడతారు. బిడ్డ పోతే బంధువులు ఆసుపత్రి అద్దాలు పగలగొడతారు. ఈ భయం కల్పితం కాదు. 1995 నుంచి వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. అయితే 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, తీవ్ర నిర్లక్ష్యం ఉంటే తప్ప డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవదని, ముందు మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని రక్షణ కల్పించింది. నొప్పులు మొదలైనప్పటి నుంచి ముఖద్వారం, బిడ్డ గుండె, తల్లి నాడి ఎప్పుడెలా ఉన్నాయో గీసే పార్టోగ్రాఫ్ పటం సక్రమంగా ఉన్న డాక్టరు తను ఎందుకు ఆగిందో, ఎందుకు కోసిందో ఎవరికైనా చూపగలదు. గుంపు దాడికి మాత్రం ఈ కాగితం అడ్డు నిలవదు. అక్కడ డాక్టరును కాపాడాల్సింది పోలీసులు, ఊరి పెద్దలు. ఆ పని చేయకుండా డాక్టర్ల నుంచి ధైర్యం ఆశించే హక్కు మనకు లేదు.

కుటుంబాలే అడుగుతున్నాయి కదా అన్నది రెండో వాదన. నిజమే, పంచాంగం చూసి ముహూర్తం పెట్టించుకొని వచ్చేవాళ్లున్నారు, నొప్పులు పడలేననే అమ్మాయిలూ ఉన్నారు. నొప్పికి భయపడటం తప్పు కాదు. ఆ భయానికి మందు తోడు, నొప్పి తగ్గించే ఇంజక్షను. అవి అందుబాటులో పెట్టకుండా ఆమె కోరిందనడం సరికాదు. ముహూర్తం సంగతి వేరు. 39 వారాలు నిండకముందే అవసరం లేకుండా బయటికి తీసిన బిడ్డకు ఊపిరి సమస్యలు వచ్చే ప్రమాదం ఎక్కువ. మంచి ఘడియ కోసం బిడ్డను ఇంక్యుబేటరులో పెట్టాల్సి రావచ్చని చెప్పి, చేయనని తేల్చడం డాక్టరు ధర్మం. రోగి అడిగిన ప్రతిదీ చేసేవాడు వ్యాపారి అవుతాడు, వైద్యుడు కాడు.

ఇక ప్రతి ఆసుపత్రీ తన లెక్కలు బయటపెట్టాలని నేనంటాను. దీనికి వచ్చే జవాబు తెలుసు. శాతం తక్కువ చూపించడానికి కష్టమైన కేసులను ఆసిఫాబాద్ నుంచి వచ్చిన అంబులెన్సులోనే వెనక్కి పంపేస్తారని. మొత్తం శాతాన్ని మాత్రమే అడిగితే అలాగే జరుగుతుంది. 2001లో మైఖేల్ రాబ్సన్ అనే వైద్యుడు గర్భిణులను పది వర్గాలుగా విడదీసే పద్ధతి ప్రతిపాదించాడు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే సిఫారసు చేసింది. అందులో మొదటి వర్గం తొలిచూలు, ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, నెలలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి. ప్రమాదాలు తక్కువగా ఉండాల్సిన తల్లులు వీళ్లు. ఈ ఒక్క వర్గంలో ఎంతమందికి కోత పడిందో కరీంనగర్‌లోని ప్రతి ఆసుపత్రీ, సర్కారుదైనా ప్రైవేటుదైనా, ఏటా ఓపీ గోడ మీద రాస్తే చాలు. ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చిన కష్టమైన కేసులు చాలావరకు వేరే వర్గాల్లో పడతాయి కనుక వాటిని తీసుకున్నందుకు డాక్టరుకు పెద్దగా చెడ్డపేరు రాదు.