గ్రూపులో పెట్టే ముందు... పరువు నష్టం గురించి నాలుగు మాటలు



సాయంత్రం బడి వదిలే వేళ. అమీర్‌పేటలో గేటు దగ్గర ఎవరో అంటారు: "ఆ టీచర్ డబ్బులు తీసుకుని మార్కులు వేస్తారట!" మీరు పంజాగుట్ట సిగ్నల్ దాటేలోగా ఆ మాట క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. అది అబద్ధమైతే?

ఇంగ్లండ్ చట్టంలో నోటితో అన్నది స్లాండర్, రాసింది లైబెల్. మన క్రిమినల్ చట్టంలో ఆ తేడా లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద మాటైనా, రాతైనా, సైగైనా, బొమ్మైనా పరువు నష్టమే. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ. లేదంటే సమాజ సేవ. "నాకు వచ్చింది, ఫార్వర్డ్ చేశానంతే" అంటే చెల్లదు.

2024 అక్టోబరులో మంత్రి కొండా సురేఖ విలేకరులతో అన్న మాటలపై నటుడు నాగార్జున నాంపల్లి కోర్టుకెళ్లారు. ఆమె విచారం వ్యక్తం చేశాక, 2025 నవంబరులో కేసు వెనక్కి తీసుకున్నారు. అవి నోటి మాటలే!

అలాగని తప్పు కనిపించినా ఊరుకోమని కాదు. చర్య తీసుకునే అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసే ఫిర్యాదుకు చట్టమే రక్షణ ఇస్తుంది. ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో రాసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. పిల్లల భద్రత విషయమైతే మా కోసం ఆగకండి. వెంటనే 1098కి గానీ పోలీసులకు గానీ ఫోన్ చేయండి.

అనుమానాన్ని గ్రూపులో పెడితే పుకారవుతుంది. సరైన చోట చెబితే విచారణ అవుతుంది.