పడవ ఎక్కిన గ్యాసు బండ

అఫ్జల్‌గంజ్‌లో పడవ మాట ఎత్తితే ఎవరైనా నవ్వుతారు. ఇక్కడ ఉన్న నీరల్లా మూసీ. దాని సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న అది పొంగి వంతెనలను ఊడ్చుకుపోయిన రోజున, ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. పడవ కావలసిన రోజున చెట్టు దొరికిన పేట ఇది. అటువంటి చోట మొన్న మే నెలలో నేను ఒక పడవకు గ్యాసు పొయ్యి బేరమాడవలసి వచ్చింది.

వేసవి సెలవులలో మధ్యాహ్నం పూట నేను ఇక్కడి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుంటాను. 1891లో అసఫియా గ్రంథాలయంగా పుట్టినది గదా, దాని పాత గోడల మధ్య ఎండ తెలియదు. ఒకనాడు నా పూర్వ శిష్యుడొకడు అక్కడికి వెతుక్కుంటూ వచ్చాడు. వాడిది కాకినాడ, ఉద్యోగం ఈ ఊళ్ళోనే. వాళ్ళ బావ అప్పో సప్పో చేసి ముప్పై అడుగుల చిన్న బోటు ఒకటి కొన్నాడట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం కనుక, ఆ అరవై ఒక్క రోజుల్లోనే మరమ్మతులన్నీ ముగించుకోవాలి. కొత్త బోటులో ఎనిమిదడుగుల గది ఉంది. అందులో గ్యాసు పొయ్యి పెట్టాలని ముచ్చట.

"బేగంబజారులో టోకు ధరకు దొరుకుతాయట, మీరు ఒక్కసారి వస్తారా మాస్టారూ?" అన్నాడు.

సరేనని లేచాను. అంగడి యజమాని "ఇంటికా, హోటల్‌కా సార్?" అని అడిగాడు. పడవకని చెప్పగానే ఒక్క క్షణం మా ఇద్దరి ముఖాలూ చూసి, తళతళలాడే అద్దపు పలక పొయ్యి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "గిది దీస్కోండ్రి. ఒత్తితే అంటుకుంటది. అగ్గిపెట్టె పనే లేదు."

శిష్యుడి కళ్ళు మెరిశాయి. నేను పొయ్యి సంగతి అలా ఉంచి, "బండ ఎక్కడ పెడతారోయ్?" అని అడిగాను. తెలుగు పంతులు గనుక ఒక మాట: సిలిండరుకు పండితులు ఎన్ని పేర్లు కల్పించేవారో గాని, జనం దాన్ని చూసిన మరుక్షణం "బండ" అన్నారు. అంతకంటె మంచి మాట నాకు దొరకలేదు.

"ఇంకెక్కడ మాస్టారూ, పొయ్యి కిందే. ఇంట్లో పెట్టినట్టే."

నాకు మా పాత ఇల్లు గుర్తుకు వచ్చి గుండె గుభేలుమంది.

కొన్నేళ్ళ క్రిందట మేము ఈ పేటలోనే ఒక పాత ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. వంటిల్లు హాలు కంటె మూడు మెట్లు దిగువన ఉండేది. ఒక రాత్రి మంచినీళ్ళకని లేచి, మెట్టు దిగి, దీపం స్విచ్చి మీదికి చేయి పోనిస్తున్నాను. వెనుక నుంచి మా ఆవిడ "వెయ్యకండి!" అని అరిచింది. ఆమెకు వాసన తగిలింది, నాకు జలుబు. ఆ సాయంత్రమే మార్చిన బండ మూతిలో రబ్బరు చుట్ట చిట్లి ఉంది. చీకట్లోనే బండకు టోపీ బిగించి, పెరటి తలుపు తెరిచి బయట నిలబడ్డాం. మర్నాడు మరమ్మతుకు వచ్చిన ముసలాయన వంటింటి మూల నేలమట్టానికి ఉన్న తూమును చూపించి, "ఇది లేకుంటే ఈ గది చెరువయ్యేది సాబ్" అన్నాడు. గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే తూము అది. రాత్రంతా గ్యాసు కూడా దానివెంటే సందులోకి జారిపోయింది.

ఆ ముసలాయన మాటలోనే శాస్త్రమంతా ఉంది. మన వంట గ్యాసు ప్రొపేను, బ్యుటేను అనే రెండు వాయువుల కలయిక. ప్రొపేను గాలి కంటె ఒకటిన్నర రెట్లు బరువు, బ్యుటేను సుమారు రెండింతలు. పొగలాగా పైకి లేవదు. నీళ్ళలాగా పల్లానికి పోతుంది. ఇంట్లో అయితే గుమ్మం కిందనో తూము గుండానో కొంతైనా బయటపడుతుంది. పడవకు తూము ఉంటుందా? నీళ్ళు లోపలికి రాకుండా ఉండటమే పడవ గొప్పతనం. ఆ గొప్పతనమే ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది. లోపల కారిన గ్యాసు బయటికి పోయే దారి లేక, ఇంజను కింద, పలకల కింద, అడుగున మురికినీరు నిలిచే చోట మడుగు కట్టి కూర్చుంటుంది.

ఎంత కారితే ప్రమాదం? అంగడి బల్ల మీద చీటీ వెనుక లెక్క వేసి చూపించాను. గాలిలో గ్యాసు నూటికి రెండు పాళ్ళు దాటితే నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. రెండు మీటర్ల పొడుగు, వెడల్పు, ఎత్తు గల గదిలో ఎనిమిది ఘనమీటర్ల గాలి. అందులో రెండు పాళ్ళంటే 160 లీటర్లు. తూకం వేస్తే మూడు వందల యాభై గ్రాములకు అటూ ఇటూ. అయిదు కిలోల చిన్న బండలో అటువంటి గదులు డజనుకు పైగా నింపే సరుకుంది. పైగా గ్యాసు గదంతా సమంగా పరుచుకోదు, అడుగునే చేరుతుంది. కనుక అంత కూడా అక్కరలేదు.

"మరి నిప్పెక్కడిది మాస్టారూ, రాత్రిపూట అందరూ పడుకుంటే?"

నిప్పు పడవలోనే కాపురముంటుంది. ఇంజను తిప్పే బ్యాటరీ మోటారు రవ్వలు రాలుస్తుంది. అంతకంటె గడుసుది, అడుగున చేరిన నీటిని తనంతట తాను తోడే పంపు. గ్యాసు మడుగు కట్టేది అక్కడే. నీరు కాస్త పెరగగానే ఎవరూ ముట్టుకోకుండా స్విచ్చి పడేదీ అక్కడే.

ఇవి ఉత్త భయాలు కావు. 2024 మార్చి 26న కాకినాడ రేవు నుంచి తొమ్మిది మందితో వేటకు వెళ్ళిన 'దుర్గా భవాని' అనే బోటు, ఏప్రిల్ 5న విశాఖపట్నానికి 65 నాటికల్ మైళ్ళ దూరాన సముద్రంలో అంటుకుంది. లోపలి గ్యాసు బండ పేలింది. మనుషులు కాలిన ఒళ్ళతో నీళ్ళలోకి దూకారు. బోటు నిమిషాలలో మునిగింది. దగ్గరలో ఉన్న మరొక వేటబోటు వాళ్ళను ఎక్కించుకోగా, తీర రక్షక దళం వారి 'వీర' ఓడ వచ్చి విశాఖకు చేర్చింది. అంతకు ముందు 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో మంటలు లేచి నలభై బోట్ల దాకా కాలాయి. దానికి మొదలు గ్యాసు కాదు. ఆర్పకుండా విసిరిన సిగరెట్టు వల మీద పడిందని పోలీసులు తేల్చారు. కాని వేటకు సిద్ధంగా ఉన్న బోట్లలో డీజిలూ బండలూ ఉండటంతో మంటకు ఆకలి తీరలేదు.

నా శిష్యుడు 'దుర్గా భవాని' పేరు వినగానే తల వంచుకున్నాడు. ఆ రోజు వాళ్ళ పేటలో ఎవరింటా పొయ్యి వెలగలేదట. అది నాకు తెలియదు. తెలిస్తే అంత కటువుగా చెప్పేవాణ్ణి కాదు.

అంగడిలో ఏమీ కొనకుండానే గ్రంథాలయానికి తిరిగి వచ్చాం. చిన్న పడవల గ్యాసు ఏర్పాట్లకు 10239 అనే సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. ఇంగ్లండులో కాలువల మీద తిరిగే పడవలను నాలుగేళ్ళకొకసారి పరీక్షించి యోగ్యతా పత్రం ఇస్తారు. ఈ నియమాలన్నిటికీ తల్లివేరు ఒక్కటే, మా ముసలాయన చూపిన తూము.

బండ గదిలో ఉండకూడదు. డెక్కు మీద దానికొక పెట్టె కట్టాలి. పెట్టె మూత పైకి తెరుచుకోవాలి. పడవ లోపలి వైపుకు దానికి సందన్నది ఉండరాదు. దాని అడుగున ఒక కన్నం, ఆ కన్నానికి గొట్టం. గొట్టం రెండవ కొస పడవ పక్కనుంచి బయటికి, నీటిమట్టానికి పైన తెరుచుకోవాలి. గొట్టం దారిలో ఎక్కడా పల్లం ఉండకూడదు, ఉంటే అందులో నీరు నిలిచి దారి మూస్తుంది. ఆ కొసకు దగ్గరగా కిటికీ గాని, ఇంజను గాలి పీల్చే నోరు గాని ఉండరాదు. బండ నిలువుగా నిలబడి, అలకు కదలకుండా పట్టీతో బిగిసి ఉండాలి. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే రెగ్యులేటరులోకి వస్తుంది. బయట పెడితే ఉప్పుగాలికి తుప్పు పడుతుందన్నది నిజమే. కనుక నెలకొకసారి బండ అడుగు తిప్పి చూసుకోవాలి.

పెట్టె నుంచి పొయ్యి దాకా మధ్యలో అతుకు లేని రాగి గొట్టం మంచిది. గోడ దాటే చోట రాపిడి తగలకుండా రబ్బరు తొడుగు వేయాలి. పొయ్యి దగ్గర మాత్రమే కొద్దిపాటి రబ్బరు గొట్టం. ఇళ్ళలో వాడే నారింజరంగు గొట్టాన్నే అయిదేళ్ళకు మార్చమంటారు; ఎండలోను ఉప్పులోను నానేదాన్ని అంతదాకా ఆగకుండా మార్చడమే మేలు.

పొయ్యి విషయంలో అంగడివాడి "ఒత్తితే అంటుకుంటది" కంటె, ఆరితే ఏమవుతుందన్నది ముఖ్యం. సముద్రపు గాలి ఒక్క విసురు విసిరితే మంట ఆరుతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. మంట ఆరి బర్నరు చల్లబడగానే గ్యాసును దానంతట అదే ఆపే అమరిక గల పొయ్యిలున్నాయి. రాతిబండలో పొదిగే రకాలలో కొన్నింటికి అది ఉంటుంది. ధర ఎక్కువ. నేనైతే అద్దపు పలక మాని ఆ డబ్బు దీనికి పెడతాను. పొయ్యి చుట్టూ నాలుగంగుళాల కమ్మీ కట్టి, లోతు గిన్నెలే వాడాలి. సముద్రం గరుకుగా ఉన్న రోజున అటుకులు తిని ఊరుకోవడం ఉత్తమం.

వంట కాగానే ముందు బండ దగ్గర కట్టేయాలి. గొట్టంలో మిగిలింది కాలి మంట దానంతట ఆరుతుంది. తరువాతనే పొయ్యి మర తిప్పాలి. ఇక వాసన మాట. గ్యాసుకు సొంత వాసన లేదు. మనం పసిగట్టడానికని మెర్కాప్టాన్ అనే కుళ్ళువాసన సరుకు కలుపుతారు. ఇంట్లో అది చాలు. చేపలు, డీజిలు, తడివలలు ఉన్న చోట ఏ ముక్కు దాన్ని పట్టగలదు? అందుకని బండ దగ్గర ఒత్తిడి ముల్లు ఒకటి పెట్టించుకోవాలి. పొయ్యి మరలన్నీ కట్టి, బండ తెరిచి, ముల్లు ఎక్కడుందో చూసి, బండ కట్టేసి మూడు నిమిషాలు ఆగాలి. ముల్లు దిగితే ఎక్కడో కారుతున్నట్టే. ఎక్కడో సబ్బునీళ్ళ నురగ చెబుతుంది. అగ్గిపుల్ల గీసి వెతికే మొనగాళ్ళు ఇంకా ఉన్నారట.

బండకు పైనున్న పట్టీల లోపలివైపు ఏ, బి, సి, డి అక్షరాలలో ఒకటి, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, తక్కినవి ఆ వరసలోనే, అంకెలు సంవత్సరం. ఆ గడువు లోపల బండను మళ్ళీ పరీక్షించాలి. గడువు దాటినదాన్ని తీసుకోవద్దు. ఇంటి రాయితీ బండను వేటకు తీసుకుపోవడం నియమాలకు విరుద్ధం కూడా. దానికి అయిదు కిలోల బండలు విడిగా అమ్ముతున్నారు.

"వాసనే వస్తే?" అన్నాడు శిష్యుడు, అన్నీ రాసుకుంటూ.

బండ కట్టేయాలి. ఏ స్విచ్చీ ముట్టకూడదు, వేయనూ వద్దు, తీయనూ వద్దు. ఇంజను తిప్పకూడదు. అందరూ పైకి వచ్చి, తలుపులూ మూతలూ తెరవాలి. అడుగున ఉన్నదాన్ని చేతిపంపుతో గాని, ప్లాస్టిక్ బాల్చీతో గాని నీళ్ళు తోడినట్టే తోడి పక్కకు పారబోయాలి. ఖాళీ బాల్చీ తోడుతున్నాడని చూసినవాళ్ళు నవ్వితే నవ్వనీ. ఇళ్ళలో అయితే 1906కు ఫోను చేస్తారు. సముద్రంలో ప్రమాదమైతే తీర రక్షక దళానిది 1554. చలిరాత్రి గది తలుపులు మూసుకుని పొయ్యి వెలిగించి కాచుకోవడం కూడా పనికిరాదు. మంట గాలిని తినేసి, వాసన కూడా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతుంది. నిద్రలోనే పోతారు.

జూన్ రెండవ వారంలో వాడు కాకినాడ నుంచి ఫోను చేశాడు. పెట్టె కట్టడానికి బావ మొదట ఒప్పుకోలేదట. అక్కడ ఐసు పెట్టె పెట్టాలని ఆయన పట్టు. చివరకు అక్క కూర్చుని ఏడిస్తే ఒప్పుకున్నాడు. పెట్టె చక్కగా వచ్చింది, రాగి గొట్టం వేశారు, పరీక్షకు ఒకరోజు నీళ్ళలో తిప్పి వచ్చారు.

"అంతా బాగుంది మాస్టారూ. ఒక్కటే చిక్కు. ఆ కన్నం గుండా అల కొట్టినప్పుడల్లా నీళ్ళు పైకి చిమ్ముతున్నాయి. మా బావ గుడ్డ కుక్కేశాడు."

పెట్టెను ఎత్తు చేయమని, గుడ్డ ఇప్పుడే, ఫోను పెట్టకముందే తీయమని కేకలేశాను. అవతల ఎవరో పరుగెత్తిన చప్పుడు వినబడింది. కాసేపటికి వాడు మళ్ళీ లైనులోకి వచ్చి, "తీశాం మాస్టారూ" అన్నాడు. మూడు రోజుల తరువాత పెట్టె కింద జానెడు ఎత్తున చెక్కలు వేసిన ఫోటో పంపాడు. కన్నం నల్లగా, నోరు తెరుచుకుని కనిపించింది.