జాంబీలు ‘మెదడు.. మెదడు’ అని ఎందుకు అరుస్తాయి? నవ్విస్తూనే భయపెట్టిన 1985 నాటి చిన్న సినిమా కథ!

జాంబీ అంటే మనకు గుర్తొచ్చేది ఒక్కటే సీన్. చిరిగిన బట్టలు, కుళ్లిన మొహం, చేతులు ముందుకు చాచి నడక. నోట్లో ఒకటే మాట.. మెదడు కావాలి! కార్టూన్లలో అదే, మీమ్స్‌లో అదే, రీల్స్‌లోనూ అదే. కానీ జాంబీ సినిమాలకు దారి వేసిన జార్జ్ రొమేరో సినిమాల్లో ఈ మెదడు గోల ఉండదు. అక్కడి శవాలు మనిషి మాంసం తింటాయి, అంతే. మెదడు పిచ్చి వచ్చింది 1985లో విడుదలైన ఒక తక్కువ బడ్జెట్ హారర్ కామెడీ నుంచి. పేరు ‘ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్’.

నలభై ఏళ్లు దాటినా ఈ సినిమాకు, దీని బాపతు ఎనభైల జాంబీ కామెడీలకు ఫ్యాన్స్ తగ్గలేదు. మేకప్ చూస్తే రబ్బరు అని తెలిసిపోతుంది. రక్తం చూస్తే షుగర్ సిరప్ అని అర్థమవుతుంది. అయినా ఎందుకంత క్రేజ్? అసలు ఈ సినిమాల్లో ఏముంది?

ముందు 1968కి వెళ్లాలి

అమెరికాలోని పెన్సిల్వేనియాలో రొమేరో, ఆయన ఫ్రెండ్స్ కలిసి దాదాపు లక్షా 14 వేల డాలర్లతో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీశారు. బ్లాక్ అండ్ వైట్ సినిమా. రక్తం కోసం చాక్లెట్ సిరప్ వాడారు. నలుపు తెలుపులో తేడా తెలియదు కదా! సినిమా పెద్ద హిట్. అయితే రిలీజ్‌కు ముందు టైటిల్ మార్చినప్పుడు, కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ నోటీసు పెట్టడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క పొరపాటుతో సినిమాపై హక్కులు పోయాయి. ఇప్పుడు ఆ సినిమా ఆన్‌లైన్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా దొరకడానికి కారణం అదే.

తర్వాత రొమేరో, ఆయనతో కలిసి ఆ కథ రాసిన జాన్ రూసో విడిపోయారు. ‘లివింగ్ డెడ్’ అనే మాట రూసో దగ్గర ఉండిపోయింది. ఆ పేరుతో కొత్త సినిమా మొదలైంది. డైరెక్షన్ చేతికొచ్చింది డాన్ ఓ బానన్‌కు. 1979లో వచ్చిన ‘ఏలియన్’ రాసింది ఆయనే. డైరెక్టర్‌గా ఇదే మొదటి సినిమా. రొమేరోను కాపీ కొట్టినట్టు ఉండకూడదని ఆయన కథను తిరగరాశారు. సీరియస్ హారర్ కాస్తా కామెడీ అయింది.

ఒక చిన్న తప్పు.. ఊరంతా శవాలు

కథ జరిగేది కెంటకీ రాష్ట్రంలోని లూయిస్‌విల్‌లో. మెడికల్ కాలేజీలకు శవాలు, అస్థిపంజరాలు సప్లై చేసే ఒక గోడౌన్. అందులో ఫ్రెడ్డీ అనే కుర్రాడికి ఉద్యోగంలో మొదటి రోజు. సీనియర్ ఫ్రాంక్ గొప్పలు చెబుతాడు. 1968 సినిమా నిజంగా జరిగిన కథేనని, అప్పటి శవాలు ఆర్మీ డ్రమ్ముల్లో పొరపాటున ఈ గోడౌన్‌కే వచ్చాయని అంటాడు. కింద సెల్లార్‌లోకి తీసుకెళ్లి చూపిస్తాడు. లీక్ అవ్వదా అని కుర్రాడు అడిగితే, ఎంత గట్టిగా ఉందో చూడు అంటూ డ్రమ్ము మీద చేత్తో కొడతాడు. అంతే.. గ్యాస్ లీక్!

అసలు కామెడీ ఇక్కడే మొదలవుతుంది. డ్రమ్ము మీద ఆర్మీ ఫోన్ నంబర్ ఉంటుంది. కానీ ఓనర్ ఫోన్ చేయడు. విషయం బయటపడితే కేసులు, వ్యాపారం మూత అని భయం. లేచిన శవం తల మీద కొడితే చస్తుందని సినిమాలో చూశాం కదా అని అదే చేస్తారు. చావదు! సినిమా అబద్ధం చెప్పిందా అని వాళ్లే బిత్తరపోతారు. ముక్కలు చేస్తే ముక్కలు కూడా కదులుతాయి. తీసుకెళ్లి పక్కనున్న మార్చురీలో కాల్చేస్తారు. ఆ పొగ మేఘాల్లో కలుస్తుంది. వాన పడుతుంది. ఆ వాన పక్కనే ఉన్న శ్మశానంలో ఇంకుతుంది. ఇక చూడాలి!

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. ఇందులో విలన్ లేడు. తప్పు చేసి, దాన్ని దాచడానికి ఇంకో తప్పు, దాని మీద మరో తప్పు చేసే మామూలు మనుషులే ఉన్నారు.

నవ్వు వెనకున్న భయం

అప్పటి అమెరికాలో అణుయుద్ధం భయం ఇంటింటా ఉండేది. సినిమా చివర్లో ఆర్మీకి ఫోన్ వెళ్తుంది. ఆర్మీ చూపిన పరిష్కారం ఏంటంటే.. ఊరి మీద అణు షెల్ వేయడం! సమస్య తీరిపోయిందని పెద్దాఫీసర్ అనుకుంటాడు. కానీ మళ్లీ వాన మొదలవుతుంది. కథ మళ్లీ మొదటికే.

మన ప్రేక్షకులకు ఇది చూస్తే 1984 డిసెంబర్ నాటి భోపాల్ గుర్తు రాకుండా ఉండదు. ఈ సినిమాకు, ఆ దుర్ఘటనకు సంబంధం లేదు. కానీ ఎవరి నిర్లక్ష్యానికో బయటికొచ్చిన విషవాయువు, నిద్రపోతున్న ఊరు, నిజం చెప్పని పెద్దలు.. ఇవి ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటాయి. అందుకే నవ్వుతూనే కడుపులో ఏదో తిప్పినట్టు అనిపిస్తుంది.

మరి మెదడు ఎందుకు?

సినిమాలో గుర్తుండిపోయే సీన్ ఇది. నడుము పైభాగం మాత్రమే మిగిలిన ఒక ముసలావిడ శవాన్ని టేబుల్‌కు కట్టేస్తారు. మనుషుల్ని ఎందుకు తింటున్నావని అడుగుతారు. మనుషుల్ని కాదు, మెదడు అంటుంది. ఎందుకంటే.. చచ్చిపోవడం నొప్పిగా ఉంటుందట. తన ఒళ్లు కుళ్లడం తనకే తెలుస్తోందట. మెదడు తింటే ఆ నొప్పి కాసేపు తగ్గుతుందట.

ఒక్కసారిగా హాల్లో నవ్వు ఆగిపోయే చోటు ఇది. అప్పటిదాకా రాక్షసిలా కనిపించిన శవం, నొప్పితో అల్లాడే రోగిలా కనిపిస్తుంది.

గ్యాస్ పీల్చిన ఫ్రాంక్, ఫ్రెడ్డీల సంగతీ అంతే. అంబులెన్స్ వాళ్లు వచ్చి చూస్తే నాడి లేదు, బీపీ లేదు, ఒంటి వేడి గది వేడితో సమానం. లెక్క ప్రకారం వాళ్లు చచ్చిపోయారు. కానీ కూర్చుని మాట్లాడుతున్నారు! మొదట నవ్వొస్తుంది. చివర్లో ఫ్రాంక్‌కు తాను ఏమవుతున్నాడో తెలిసిపోతుంది. ఎవరి మీదా పడకముందే పెళ్లి ఉంగరం తీసి, ముద్దు పెట్టి, అక్కడ తగిలించి తనంతట తానే మంటల్లోకి వెళ్లిపోతాడు. తొలి సీన్‌లో గొప్పలు చెప్పిన మనిషి అతనే. ఫ్రాంక్‌గా జేమ్స్ కారెన్ చేసిన ఈ సీన్‌లో ఒక్క జోక్ కూడా లేదు.

డబ్బు లేకపోవడమే ప్లస్ అయింది

ఆ రోజుల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇంత లేవు. ఏదైనా కెమెరా ముందు చేతులతో చేయాల్సిందే.

* ‘ది ఈవిల్ డెడ్’ (1981): సామ్ రైమీ కుర్రాడిగా ఉన్నప్పుడు 4 లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీశాడు. ట్రాక్ సామాన్లకు డబ్బుల్లేక చెక్క పలకకు కెమెరా బిగించి, చెరోవైపు పట్టుకుని పరిగెత్తారు. దెయ్యం దూసుకొస్తున్నట్టు కనిపించే షాట్ అలా పుట్టింది. 1987లో వచ్చిన రెండో భాగం పూర్తిగా కామెడీ వైపు తిరిగింది.
* ‘రీ-యానిమేటర్’ (1985): నాటకరంగం నుంచి వచ్చిన స్టువర్ట్ గోర్డన్ తీశాడు. 10 లక్షల డాలర్ల లోపు బడ్జెట్. పచ్చగా మెరిసే ఇంజెక్షన్, తన తలను తానే పట్టుకుని తిరిగే డాక్టర్.
* ‘బ్యాడ్ టేస్ట్’ (1987): ఇందులో జాంబీలు కాదు, గ్రహాంతరవాసులు. కానీ అదే రక్తం, అదే నవ్వు. న్యూజిలాండ్ కుర్రాడు పీటర్ జాక్సన్ ఏళ్ల తరబడి వీకెండ్లలో ఫ్రెండ్స్‌తో షూట్ చేశాడు. రబ్బరు మాస్కులను అమ్మ వంటింటి ఓవెన్‌లో కాల్చాడు. తర్వాత ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తీసింది ఇతనే!

ఇలాంటి సినిమాలు ఎక్కువగా బతికింది వీడియో క్యాసెట్లలో. బ్రిటన్‌లో అయితే ‘ఈవిల్ డెడ్’ క్యాసెట్ మీద కేసులు కూడా నడిచాయి. చూడొద్దన్న కొద్దీ కుర్రకారు వెతికి మరీ చూశారు. ఫ్రెండ్స్ అంతా ఒకచోట చేరి, అరుస్తూ, కామెంట్లు చేస్తూ చూసే సినిమాలివి.

మన దగ్గర కూడా..

1983 చివర్లో వచ్చిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో ప్రపంచమంతా శవాలతో డ్యాన్స్ చేయించింది. రెండేళ్లు తిరక్కుండానే ఆ స్టైల్ చిరంజీవి ‘దొంగ’ (1985)లోని గోలీమార్ పాటలో కనిపించింది. ఇంటర్నెట్ వచ్చాక ఆ క్లిప్ విదేశాల్లోనూ వైరల్ అయింది. 2013లో హిందీలో జాంబీ కామెడీ ‘గో గోవా గాన్’ తీసిన రాజ్, డీకే మన చిత్తూరు జిల్లా వైపు వాళ్లే. 2021లో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’తో జాంబీలను కర్నూలు ఫ్యాక్షన్ గొడవల మధ్యకు తెచ్చాడు. మనుషులు చంపుకోవడానికి కత్తులు తీసిన చోటికి శవాలు రావడం.. ఎనభైల ఫార్ములా రాయలసీమలో కూడా సరిగ్గా అతికింది.

ఫైనల్‌గా..

చావంటే భయం అందరికీ ఉంటుంది. దాని గురించి ఇంట్లో మాట్లాడితే అశుభం అంటారు. ఈ సినిమాలు ఆ భయాన్ని రబ్బరు మాస్కు వేసి ఎదురుగా నిలబెడతాయి. అది అబద్ధమని తెలుసు కాబట్టి నవ్వగలుగుతాం. నవ్వాక, ఆ ముసలావిడ నొప్పి, ఫ్రాంక్ ఉంగరం గుర్తుండిపోతాయి. మేకప్ పాతబడింది కానీ అవి పాతబడలేదు.

చూడాలనుకునేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. రక్తపాతం, నగ్నత్వం ఉన్న పెద్దల సినిమాలివి. పిల్లల్ని పడుకోబెట్టాకే మొదలుపెట్టండి!