అట్ట మీద లేని పేరు

1963లో హాలీవుడ్‌లో ఒక రికార్డింగ్‌కు బేస్ గిటార్ కళాకారుడు రాలేదు. అక్కడే ఉన్న గిటారిస్టు కేరల్ కే ఆ లోటు తీర్చారు. ఆ తర్వాత పిలిచిన స్టూడియోకల్లా వెళ్లి వేల పాటలకు బేస్ వాయించారు. కాని ఆ రోజుల్లో రికార్డుల అట్టలపై ఇలాంటి వాద్యకారుల పేర్లు చాలావరకు ఉండేవి కావు. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సత్కారానికి ఎంపికైనా, స్టూడియో పని బృందానిదే తప్ప ఒక్కరిది కాదంటూ 90 ఏళ్ల కేరల్ వద్దన్నారు!

బేస్ మంద్రస్వరం విడిగా చెవిన పడదు. అది లేకుంటే పాట వెలితిగా ఉంటుంది. శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే మరింత అవసరమన్నాడు పౌలు (1 కొరింథీ 12:22). తెల్లవారకముందే చర్చి ఊడ్చి చాపలు పరిచే అమ్మ పేరు ఏ కరపత్రంలోనూ ఉండదు. దేవునికి ఆ పేరు తెలుసు. వేదికపై కుర్చీ వేయలేదని అలిగి మనం ఆరాధన మానేసిన ఆదివారాలూ ఆయనకు తెలుసు!