కుక్కపిల్ల ఎంత పెద్దదవుతుంది?

ఒకరోజు మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు గంపలో రెండు కుక్కపిల్లలను పెట్టుకుని బడికి వచ్చాడు. ఒకటి నల్లది, రెండోది ఎర్రది. ఒకే ఈతలో పుట్టిన పిల్లలు, వయసు ఎనిమిది వారాలు. రాజంపేట పక్కన వాళ్లకు మక్కచేను ఉంది. రాత్రిళ్లు అడవిపందులు పడి కంకులు విరిచేస్తున్నాయి. వచ్చే పంటకైనా కావలికి ఒక కుక్క కావాలి.

"సార్, తాత ఒక్కదాన్నే ఉంచుకుంటనంటుండు. పెద్దగయ్యేదేదో చెప్పుండ్రి. ఈ ఎర్రది చిన్నగుంది, దీన్ని అంగట్ల ఇడిచిపెడ్తడట" అన్నాడు.

ఏది పెద్దదవుతుందో చూడగానే చెప్పగలమా? మీరైతే ఏమంటారు?

పాదాలను చూసి చెప్పవచ్చా?

పాదాలు పెద్దవైతే కుక్క పెద్దదవుతుందని పెద్దలంటారు. ఇందులో కొంత నిజం ఉంది. భారీ జాతుల పిల్లలకు ఎముకలు మొదటినుంచే లావుగా ఉంటాయి. కానీ ఒకే ఈతలోని ఊరకుక్క పిల్లల మధ్య ఈ తేడా స్పష్టంగా కనిపించదు. పాదం చూసి కిలోలు చెప్పలేం.

పోనీ, తల్లిని చూస్తే? తల్లి నుంచి వచ్చేవి సగం జన్యువులే. మిగతా సగం తండ్రివి. ఊళ్లో తిరిగే కుక్కల విషయంలో తండ్రి ఎవరో తెలియదు. పైగా ఒకే ఈతలోని పిల్లలకు వేర్వేరు తండ్రులు కూడా ఉండవచ్చు!

కుక్క పరిమాణాన్ని నిర్ణయించే జన్యువులు ఇరవైకి పైగా తెలిశాయి. వాటిలో ఐ.జి.ఎఫ్.1 అనే జన్యువు ముఖ్యమైనది. శరీరం పెరగడానికి తోడ్పడే ఒక ప్రోటీను తయారీకి ఇది ఆధారం. చిన్న జాతుల్లో ఈ జన్యువు ఒక ప్రత్యేక రూపంలో ఉంటుందని 2007లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. మూడు కిలోలైనా తూగని చివావా, యాభై కిలోలు దాటే గ్రేట్ డేన్ ఒకే జాతి జంతువులు కావడం వెనుక ఇలాంటి జన్యువులే ఉన్నాయి.

పెరుగుదల ఎలా ఆగుతుంది?

కాళ్లలోని పొడవాటి ఎముకల చివరల దగ్గర మృదులాస్థి పొరలు ఉంటాయి. వీటిని వృద్ధి ఫలకాలంటారు. ఇక్కడ కొత్త కణాలు ఏర్పడుతూ, క్రమంగా ఎముకగా మారుతూ ఉంటాయి. అందువల్లే ఎముక పొడవవుతుంది. కొంత వయసు వచ్చేసరికి ఫలకం పూర్తిగా ఎముకగా మారిపోతుంది. ఇక ఎంత తిండి పెట్టినా కుక్క లావెక్కుతుందే గాని ఎత్తు పెరగదు. చిన్న జాతుల పెరుగుదల 8 నుంచి 10 నెలల్లో ముగుస్తుంది. మన ఊరకుక్కల వంటి మధ్యరకం వాటికి సుమారు ఏడాది, భారీ జాతులకు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది.

కాంటా చెప్పిన కథ

రెండు పిల్లలనూ రెండు నెలలపాటు ఉంచమని తాతకు కబురు పంపాను. కిరాణా దుకాణం కాంటా మీద, రెండు వారాలకోసారి, ఒక్కో పిల్లను గంపలో పెట్టి తూచాం. గంప బరువు తీసివేశాం. కిలోల్లో వచ్చిన లెక్క ఇది:

8 వారాలు: నల్లది 2.8, ఎర్రది 2.0
10 వారాలు: నల్లది 3.9, ఎర్రది 2.1
12 వారాలు: నల్లది 5.0, ఎర్రది 2.9
14 వారాలు: నల్లది 6.2, ఎర్రది 4.2
16 వారాలు: నల్లది 7.3, ఎర్రది 5.6

పదో వారం అంకె చూడండి. ఎర్రది రెండు వారాల్లో వంద గ్రాములే పెరిగింది. పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. పశువుల ఆస్పత్రికి తీసుకువెళితే కడుపులో ఏలికపాములున్నాయని చెప్పి మందు ఇచ్చారు. ఈ పురుగులు తల్లి నుంచే పిల్లలకు సంక్రమిస్తాయి. తిన్న తిండిలో పోషకాలను అవే కాజేస్తాయి. మందు పడ్డాక ఎర్రది ఎలా పుంజుకుందో పై అంకెలే చెబుతున్నాయి. అది పుట్టుకతో చిన్నది కాదు, జబ్బుతో చిన్నదైంది!

ఇప్పుడు అంచనా వేద్దాం. బరువును వయసుతో భాగించి, 52 వారాలతో హెచ్చించాలని కొందరు చెబుతారు. నల్లదానికి ఆ లెక్క కడితే, 7.3ను 16తో భాగించి 52తో హెచ్చిస్తే, దాదాపు 24 కిలోలు వస్తుంది. ఇందులో తప్పెక్కడుంది? ఏడాదంతా ఒకే వేగంతో పెరుగుతుందని ఈ లెక్క అనుకుంటోంది. నిజానికి మొదటి నెలల్లో పెరుగుదల చురుగ్గా ఉండి, తర్వాత మందగిస్తుంది. గ్రాఫు గీస్తే సరళరేఖ రాదు, పైకి వెళ్లి క్రమంగా వాలే వక్రరేఖ వస్తుంది.

మధ్యరకం కుక్క సుమారు నాలుగు నెలల వయసులో తన పూర్తి బరువులో సగం ఉంటుంది. కనుక 16 వారాల బరువును రెట్టింపు చేస్తే చాలు. నల్లదానికి 14.6, ఎర్రదానికి 11.2 కిలోలు వచ్చాయి. ఏడాది నిండాక తూచితే నల్లది 15.2, ఎర్రది 13.2 కిలోలు ఉన్నాయి. నల్లదాని విషయంలో అంచనా దాదాపు సరిపోయింది. ఎర్రదాని విషయంలో రెండు కిలోలు తప్పింది. ఎందుకో ఊహించగలరా? జబ్బు వల్ల వెనుకబడిన బరువునే మనం రెట్టింపు చేశాం. అందుకే అంచనా చెప్పేటప్పుడు ఒక్క అంకె కాకుండా "ఇంత నుంచి ఇంత వరకు" అని చెప్పడం మంచిది.

మీరూ చేసి చూడండి

ఇంట్లో కుక్కపిల్ల ఉంటే వారం వారం తూచి గ్రాఫు గీయండి. గీత అడ్డంగా సాగితే పశువైద్యునికి చూపించండి. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరు చేయకండి. పిల్లల తల్లి కరవవచ్చు, పెద్దలు తోడు లేకుండా దగ్గరికి వెళ్లకండి. పిల్లకు మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించండి. దాన్ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

తాత చివరకు రెండింటినీ ఉంచుకున్నాడు. రాత్రి చేనులో అలికిడైతే ముందు మొరిగేది ఎర్రదేనట!